నిష్కపటమైన మాట, ఎత్తిపొడుపు మాట: సంఘపు వాట్సాప్ సంభాషణలపై వాక్యానుసారమైన పరిశీలన

ఉపోద్ఘాతము

2020 మార్చి నెలాఖరులో లాక్‌డౌన్ వచ్చినప్పుడు మన మందిరముల తలుపులు మూతబడ్డాయి. జూన్ 8న తిరిగి తెరవడానికి అనుమతి వచ్చేంతవరకు సంఘములు వాక్యము కొరకు, ప్రార్థన కొరకు, క్షేమసమాచారము కొరకు ఫోను మీదనే ఆధారపడ్డాయి. ఆనాడు అవసరము కొరకు ఏర్పడిన వాట్సాప్ గ్రూపులు ఆ తరువాత రద్దు కాలేదు. నేడు ఉత్తర తెలంగాణలోని ఏ పాస్టరేటును చూసినా సంఘ గ్రూపు, పెద్దల గ్రూపు, స్త్రీల మైత్రి గ్రూపు, యవ్వనస్థుల గ్రూపు అని నాలుగైనా కనబడతాయి. ఆదివారము ఒక పూట కలుసుకునే సంఘము, మిగిలిన ఆరు రోజులు అక్కడనే కలుసుకుంటున్నది.

ఈ వ్యాసమునకు ప్రేరణ నా స్వంత తప్పిదము. బొగ్గుబాయి ప్రాంతములోని ఒక సంఘములో పరిచర్య చేస్తున్న రోజులవి. ఆరాధనకు ఆలస్యముగా వచ్చేవారు ఎక్కువైనందున ఒక ఆదివారము మధ్యాహ్నము గ్రూపులో ఇలా రాశాను: “ఈ రోజు ఆశీర్వచనమునకు సరిగ్గా సమయానికి చేరుకున్న వారందరికీ ప్రత్యేక వందనములు.” వెంటనే పెద్దలు, యవ్వనస్థులు పద్నాలుగు మంది నవ్వు బొమ్మలు పెట్టారు. నా మాట పండిందని నాకును సంతోషము కలిగింది. సాయంత్రానికి ఒక సహోదరుడు గ్రూపు నుండి వెళ్ళిపోయినట్టు ఒక గీత కనబడింది. ఫోను మార్చాడేమో అనుకున్నాను. మూడు వారములు ఆయన మందిరానికి రాలేదు. తరువాత స్త్రీల మైత్రి కూడికలో ఆయన భార్య మా ఇంటి ఆమెతో అన్న మాట ఇది: “అమ్మగారూ, ఆయన రాత్రి షిఫ్టు దిగి, తానం జేసి, తినకుండ ఉరుక్కుంట గుడికొచ్చిండు. అయ్యగారు అందరి ముందట నవ్వులపాలు జేసిండు.”

నేను ఆ సహోదరుని ఉద్దేశించి రాయలేదు. ఆయన ఆ దినము ఎప్పుడు వచ్చాడో కూడా నేను చూడలేదు. అయినను గాయము నిజమైనది. రాసినవాని ఉద్దేశము ఒకటి, చదివినవాని హృదయానికి తగిలినది మరొకటి. ఈ రెంటి మధ్యనున్న దూరము ఎక్కడ నుండి వచ్చింది? ఎత్తిపొడుపు మాటను లేఖనములు పూర్తిగా నిషేధించాయా? నిష్కపటముగా మాట్లాడటమంటే ఏమిటి? ఈ ప్రశ్నలను ఈ వ్యాసములో క్రమముగా పరిశీలిద్దాము.

1. పదముల వివరణ

తెలుగులో ఈ విషయమునకు పదములు తక్కువేమీ లేవు. చమత్కారము, పరాచికము, వేళాకోళము, ఎగతాళి, వెటకారము, దెప్పిపొడుపు, ఎత్తిపొడుపు అనునవి ఒకే కుటుంబపు మాటలైనా ఒకే అర్థము గలవి కావు. చమత్కారము వినువానిని సంతోషపెడుతుంది. పరాచికము చనువును బట్టి పుడుతుంది. మన కరీంనగర్ పల్లెలలో దీనినే మజాక్ అంటారు. ఎత్తిపొడుపు అలాంటిది కాదు. పైకి పొగడ్తగానో సాధారణమైన మాటగానో కనబడుతూ లోపల పొడుస్తుంది. ఆ పదములోనే పొడుచుట ఉన్నది. ఇంగ్లీషువారి సార్కాజం అనే పదమునకు మూలమైన గ్రీకు క్రియ ‘సర్కాజైన్’ కూడా మాంసము అనే అర్థమిచ్చే ‘సర్క్స్’ నుండి వచ్చినదే. కుక్కలు మాంసమును చీల్చినట్లు చీల్చుట అని దాని భావము.

నిష్కపటము అనే భావమునకు క్రొత్త నిబంధనలో ముఖ్యముగా మూడు గ్రీకు పదములు కనబడతాయి. మొదటిది ‘ఎయిలిక్రినేయ’, అనగా కల్తీ లేనితనము (2 కొరింథీ. 1:12, 2:17). సూర్యకాంతిలో పట్టి చూసినా మచ్చ కనబడనిది అని కొందరు పండితులు ఈ పదమును వివరిస్తారు. రెండవది ‘హప్లోతేస్’, అనగా మడతలు లేని సరళత్వము (ఎఫెసీ. 6:5, 2 కొరింథీ. 11:3). మూడవది ‘అనుపోక్రితోస్’, అనగా నాటకపు ముసుగు లేనిది. ప్రేమ ఇలా ఉండాలని రోమా 12:9లోను, పైనుండి వచ్చు జ్ఞానము ఇలా ఉంటుందని యాకోబు 3:17లోను చదువుతాము.

ఈ మూడు పదములను కలిపి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. మనసులో ఉన్నదంతా బయటికి కక్కుట నిష్కపటము కాదు. మాటకు, మనసుకు మధ్య కల్తీగాని, మడతగాని, ముసుగుగాని లేకపోవుట నిష్కపటము. ‘నేను ముక్కుసూటి మనిషిని’ అని చెప్పి కఠినముగా మాట్లాడేవారు ఈ తేడాను గమనించాలి.

2. స్వరము లేని మాట

ఎత్తిపొడుపు సాధారణముగా మాటలో కంటే స్వరములోనే ఎక్కువగా ఉంటుంది. “నువ్వు చాలా మంచివాడివయ్యా” అనే వాక్యమును తల్లి ఒక స్వరముతో అంటే అది దీవెన, అప్పు ఎగ్గొట్టినవానితో మరొక స్వరముతో అంటే నింద. అక్షరములు మాత్రము మారలేదు. మన పూర్వికులైన అలంకారికులు దీనిని బాగుగా ఎరుగుదురు. స్వరభేదమును బట్టి అర్థము మారుటను వారు ‘కాకువు’ అన్నారు. భరతుని నాట్యశాస్త్రములోనే దీని చర్చ ఉన్నది. నిందలా కనబడే స్తుతిని, స్తుతిలా కనబడే నిందను ‘వ్యాజస్తుతి’ అనే అలంకారముగా గుర్తించారు. ఇవన్నీ ఎదురుగా నిలబడి వినే శ్రోతను ఊహించిన శాస్త్రములు. ఫోను తెర మీద కాకువు లేదు. కనుబొమ్మ లేదు. భుజము మీద చెయ్యి లేదు.

2005లో అమెరికాలో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ మొదలైన మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ విషయముపై ఒక పరిశోధన ప్రచురించారు. కొన్ని వాక్యములను కొందరు నిజముగాను, కొన్నింటిని వ్యంగ్యముగాను పంపించగా, అందుకున్నవారు ఏది నిజమో ఏది వ్యంగ్యమో గుర్తించాలి. నూటికి సుమారు 78 సార్లు తమ భావమును అవతలివారు సరిగా గ్రహిస్తారని పంపినవారు అనుకున్నారు. స్వరము ద్వారా పంపినప్పుడు ఆ అంచనా ఇంచుమించు నిజమైంది. ఈమెయిలులో రాతగా పంపినప్పుడు మాత్రము సరిగా గ్రహించినది నూటికి సుమారు 56 సార్లే. నాణెము ఎగరవేసి చెప్పినా నూటికి 50 సార్లు సరిపోతుంది కదా! రాసేటప్పుడు మన స్వరము మన చెవిలో వినబడుతూ ఉంటుంది. కనుక చదివేవారికి కూడా అదే వినబడుతుందని పొరబడతాము. నేను ఆశీర్వచనము గురించి రాసినప్పుడు నా చెవిలో నా నవ్వు వినబడింది. ఆ సహోదరుని చెవిలో పద్నాలుగు మంది నవ్వు వినబడింది.

ఈ కష్టము కంప్యూటరు సంభాషణలు మొదలైన నాటి నుండి ఉన్నదే. 1982 సెప్టెంబరు 19న అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో స్కాట్ ఫాల్‌మన్ అనే ఆచార్యుడు నవ్వులాటకు రాసిన మాట పక్కన నవ్వు ముఖపు గుర్తు పెట్టాలని సూచించాడు. అంతకుముందు అక్కడ లిఫ్టులో పాదరసము ఒలికిందని ఒకరు వేళాకోళముగా రాసినదానిని కొందరు నిజమైన ప్రమాద హెచ్చరికగా తీసుకున్నారు. ఈనాటి బొమ్మలన్నిటికీ ఆ గుర్తు ముందు నడిచినది. అయితే నేడు ఆ గుర్తులకే రెండేసి అర్థములు వచ్చాయి. చేతులు జోడించిన బొమ్మ మన గ్రూపులలో ప్రార్థన కావచ్చును, కృతజ్ఞత కావచ్చును, క్షమాపణ కావచ్చును, “నీకో దండము, ఇక ఆపు” అనుట కూడా కావచ్చును. గుర్తు పెట్టినంత మాత్రమున భావము స్పష్టమైందని అనుకోరాదు.

3. మన ప్రాంతపు ప్రత్యేక పరిస్థితి

కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతపు సంఘములలో ఈ సమస్యకు మరికొన్ని కారణములు తోడవుతాయి.

మొదటిది, మర్యాద వాచకము. ఇక్కడి పల్లెలలో పెద్దవారిని, అన్నను, మామను, కొన్ని ఇండ్లలో తండ్రిని కూడా ప్రేమతో ‘నువ్వు’ అనే పిలుస్తారు. “అన్నా, నువ్వు జర మాపటికి వస్తవా?” అనే మాటలో అగౌరవమేమీ లేదు. కృష్ణా, గోదావరి జిల్లాల నుండి ఉద్యోగము కొరకు రామగుండము, గోదావరిఖని, మంచిర్యాల వచ్చి స్థిరపడిన విశ్వాసికి మాత్రము తెర మీద అదే మాట తలబిరుసుగా తోస్తుంది. తిరిగి ఆయన “మీరు చెప్పాక కాదంటామా అండీ” అని మర్యాదగా రాసినది ఇక్కడివారికి ఎత్తిపొడుపుగా తోస్తుంది. ఇద్దరూ నిష్కపటముగానే మాట్లాడారు, ఇద్దరూ నొచ్చుకున్నారు. మన యాసను సినిమాలలో ఏండ్ల తరబడి హాస్యగాండ్ల నోట, దుష్టపాత్రల నోట పెట్టి నవ్వించిన చరిత్ర ఉన్నది. యాస మీద పడిన నవ్వు ఇక్కడివారికి తొందరగా తగులుతుందని బయటి నుండి వచ్చిన కాపరులు ఎరిగి ఉండాలి.

రెండవది, వరుస. మన సమాజములో పరాచికమునకు అనుమతి వరుసను బట్టి దొరుకుతుంది. బావను ఆటపట్టించవచ్చును, వదినెతో నవ్వవచ్చును. అక్కడ ఎవరూ నొచ్చుకోరు, నొచ్చుకుంటేనే నవ్వుతారు. సంఘములో మనమందరము అన్న, అక్క, బ్రదర్, సిస్టర్, అయ్యగారు, అమ్మగారు. ఇవి గౌరవపు వరుసలు, పరాచికపు వరుసలు కావు. బయట బావ, బామ్మర్ది అయినవారు గ్రూపులో ఆడుకునే మాట వారిద్దరికీ సరసమే. ఆ వరుస తెలియని నూట యాభై మందికి అది తగవులా కనబడుతుంది.

మూడవది, దూరము, భాష. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతముల నుండి దుబాయి, కువైటు, సౌదీ వెళ్ళిన సహోదరులు ఆ గ్రూపు ద్వారానే తమ సంఘమును చూస్తున్నారు. లేబరు క్యాంపులో రాత్రి పదకొండు గంటలకు ఒంటరిగా చదివేవానికి, మందిరము ముంగిట కలిసి నవ్వుకునే అవకాశము లేదు. ఆదిలాబాదు అడవి గ్రామములలో గోండి, కొలామి మాతృభాషగా గల విశ్వాసులకు తెలుగు రెండవ భాష. ఒక భాషలో చివరగా పట్టుబడేది వ్యంగ్యమే. దానికి తోడు చాలామంది ఇంగ్లీషు అక్షరములతో తెలుగు రాస్తారు. అక్కడ హ్రస్వ దీర్ఘములు పోతాయి. మాట, మాత అనే రెండు పదములు ఒకటే అవుతాయి. ఇక స్వరము సంగతి చెప్పనక్కరలేదు.

4. పాత నిబంధనలో

పాత నిబంధన అపహాసకుని గూర్చి కఠినముగా మాట్లాడుతుంది. హెబ్రీలో ‘లేట్స్’ అనబడే ఈ వ్యక్తిని కీర్తన 1:1లోను, సామెతల గ్రంథములో పలుచోట్లను చూస్తాము. అతడు కేవలము హాస్యము ఇష్టపడేవాడు కాడు. దిద్దుబాటును సహించనివాడు (సామెతలు 9:7-8), తాను వెళ్ళిపోతే గాని తగవు ఆగనివాడు (22:10). ఎత్తిపొడుచుట అతనికి అప్పుడప్పుడు వచ్చే మాట కాదు, కూర్చునే పీట.

సామెతలు 26:18-19 నా తప్పిదమునకు అద్దము పట్టిన వాక్యము. పొరుగువానిని నొప్పించి, నవ్వులాటకు చేశానని చెప్పుకొనేవానిని, నిప్పు కొరవులను బాణములను విసిరే వెఱ్ఱివానితో పోల్చింది. కొరవి విసిరినవాని ఉద్దేశమును బట్టి గడ్డివాము కాలకుండా ఆగదు.

అలాగని వ్యంగ్యమంతా పాపమేనా? కర్మెలు పర్వతము మీద ఏలీయా బయలు ప్రవక్తలను అపహసించాడు (1 రాజులు 18:27). వారి దేవుడు ధ్యానములో ఉన్నాడేమో, ప్రయాణములో ఉన్నాడేమో, నిద్రపోయాడేమో అన్నాడు. ఇక్కడ మూడు సంగతులు గమనించాలి. ఆ మాట ఒంటరివాని మీద పడలేదు, రాణి బల్ల యొద్ద భోజనము చేసే నాలుగు వందల ఏబది మంది మీద పడింది. చాటున కాక ఎదుట పలుకబడింది. అబద్ధమును బయటపెట్టుటకు పలుకబడింది, మనిషిని చిన్నబుచ్చుటకు కాదు. యోబు తన స్నేహితులతో, జ్ఞానమంతా మీతోనే చనిపోతుంది కాబోలు అన్న భావముతో మాట్లాడాడు (యోబు 12:2). అది బూడిదలో కూర్చున్నవాని మాట. గాయపడినవాని ఎత్తిపొడుపును దేవుడు గ్రంథము నుండి తీసివేయలేదు.

దీనికి ఎదురుగా మీకాలు మాటను పెట్టి చూడాలి. మందసము ఎదుట నాట్యమాడి వచ్చిన దావీదును, ఇశ్రాయేలు రాజు ఈ దినము ఎంత ఘనముగా కనబడ్డాడో అని ఆమె ఎత్తిపొడిచింది (2 సమూయేలు 6:20). ఆమెకు ఆ ఇంట నిజమైన దుఃఖమే ఉండి ఉండవచ్చును. ఆ దుఃఖమును దుఃఖముగా చెప్పక పొగడ్త వేషములో చెప్పింది. దావీదు కూడా ఎత్తిపొడుపుతోనే బదులిచ్చాడు. ఆ తరువాత వారిద్దరి మధ్య ఒక్క మాట కూడా గ్రంథములో లేదు.

మరొక పోలిక. బయలు నిద్రపోయాడేమో అని ఏలీయా అన్నది అపహాస్యము. ప్రభువా, ఎందుకు నిద్రించుచున్నావు అన్న భావముతో 44వ కీర్తనకారుడు మొరపెట్టినది ప్రార్థన (44:23). ఇంచుమించు అదే మాట. ఒకటి నమ్మకము లేని చోట పుట్టింది, మరొకటి నమ్మకము విడువని చోట పుట్టింది. మాట ఏ సంబంధములో నుండి వచ్చిందో తెలియకుండా అది ఎత్తిపొడుపా, మొఱ్ఱయా అని తీర్పు తీర్చలేము.

5. క్రొత్త నిబంధనలో

పౌలు భక్తుడు వ్యంగ్యమును వాడాడు. కొరింథీయులు అప్పుడే తృప్తులై, ధనవంతులై, రాజులైపోయారని రాశాడు (1 కొరింథీ. 4:8). మీకు భారముగా ఉండనందుకు ఆ అన్యాయమును క్షమించండి అన్న ధోరణిలో రాశాడు (2 కొరింథీ. 12:13). గలతీ. 5:12లోని మాట అంతకంటే పదునైనది. అయితే ఆయన అక్కడితో విడిచిపెట్టలేదు. 1 కొరింథీ. 4:14లో తన ఉద్దేశమును తేటగా చెప్పాడు: సిగ్గుపరచుటకు కాదు, ప్రియమైన పిల్లలకు వలె బుద్ధి చెప్పుటకు. వ్యంగ్యము రాసిన ఆరు వచనములలోపే దాని ముసుగు తానే తీసివేశాడు. గలతీ పత్రికలో పదునైన మాట రాసిన మూడు వచనముల తరువాతనే, ఒకరినొకరు కరచుకొని మింగివేసుకొనకుండా చూసుకొండని హెచ్చరించాడు (5:15). ‘సర్కాజైన్’ అనే క్రియ అర్థము ఇక్కడ మనకు జ్ఞాపకము రావాలి.

రాతలో స్వరము పోతుందని కూడా పౌలు ఎరుగును. గలతీ. 4:20లో, ఇప్పుడే మీ మధ్య ఉండి నా స్వరము మార్చుకొనగోరుచున్నాను అన్న భావము మూలభాషలో ఉన్నది. అక్కడి గ్రీకు పదము ‘ఫోనే’. మన చేతిలోని ఫోను పేరు ఆ పదము నుండి వచ్చినదే! స్వరము కొరకు పేరు పెట్టిన యంత్రమును నేడు స్వరము లేని మాటలకు వాడుతున్నాము. అంతకుముందు తాను రాసిన పత్రికను కొరింథీయులు అపార్థము చేసుకోగా దాని భావమును ఆయన మరల వివరించవలసి వచ్చింది (1 కొరింథీ. 5:9-11). యోహాను భక్తుడైతే సిరాతో కాగితము మీద రాయుట కంటే ముఖాముఖిగా మాట్లాడుటనే కోరుకున్నాడు (2 యోహాను 12, 3 యోహాను 13-14).

ఎఫెసీ. 5:4లో పౌలు నిషేధించిన ‘యూత్రపెలియ’ అనే పదము గమనింపదగినది. మన తెలుగు బైబిలులో దీనిని సరసోక్తులు అన్నారు. అరిస్టాటిల్ తన నీతిశాస్త్రములో ఈ పదమును సద్గుణముగా లెక్కించాడు. మోటుతనమునకు, కోతిచేష్టలకు నడుమ ఉండే చతురతే అది. లోకము మెచ్చుకొనే చతురతనే పౌలు ఎందుకు ప్రశ్నించాడు? బూతుమాటల పక్కన పెట్టి చెప్పుటను బట్టి, పవిత్రతను పలుచన చేసే చతురతను గూర్చి అక్కడ చెప్పాడని గ్రహించవచ్చును. దాని స్థానములో ఆయన మౌనమును కోరలేదు, కృతజ్ఞతను కోరాడు. కొలస్సీ. 4:6లో మాటకు ఉప్పు కావాలన్నాడు. ఉప్పు లేని మాట చప్పన, ఉప్పే మాట అయితే ఎవరూ తినలేరు.

అన్నిటికంటే పైగా, మన ప్రభువు ఎత్తిపొడుపునకు గురైనవాడు. సైనికులు ముండ్ల కిరీటము పెట్టి రాజుగా మ్రొక్కినట్టు నటించారు (మత్తయి 27:29). ఇతరులను రక్షించినవాడు తన్ను రక్షించుకోలేడని ప్రధానయాజకులు అన్నారు (27:42). వారు ఎగతాళిగా పలికిన ప్రతి మాటా నిజమే. ఆయన రాజే, తన్ను రక్షించుకొనకుండుట చేతనే ఇతరులను రక్షించాడు. ఆయన తిరిగి ఎత్తిపొడవలేదు. సంఘములో నవ్వులపాలైన వ్యక్తి పక్షమున ప్రభువు నిలబడి ఉన్నాడని మరచిపోయి మనము నవ్వు బొమ్మ పెట్టరాదు.

6. భక్తి ముసుగులో ఎత్తిపొడుపు

మన గ్రూపులలో ఒక ప్రత్యేకమైన పాపము పెరుగుతున్నది. వాదములో ఓడినవాడు “మీ కొరకు ప్రార్థిస్తాను బ్రదర్” అని రాస్తాడు. కానుకల లెక్క అడిగినవానికి “దేవుడు మీకు మంచి మనసిచ్చును గాక, ఆమేన్” అని జవాబు వస్తుంది. “ప్రైజ్ ది లార్డ్” అనేది కొన్నిసార్లు చర్చను మూయడానికి వేసే తాళముగా మారింది. ఫలానివారి పేరు లేకుండా వారికే తగిలేలా ఒక వాక్యమును ఏరి ఉదయకాల ధ్యానముగా పంపుట కూడా ఇందులోనిదే.

దీనిని సాధారణమైన ఎత్తిపొడుపు కంటే గంభీరముగా ఎంచాలి. పొరుగువానిని పొడవడానికి దేవుని నామమును పిడిగా వాడుకొనుట మూడవ ఆజ్ఞను మీరుట (నిర్గమ. 20:7). ఒకే నోట స్తోత్రము, శాపము వెళ్ళుటను గూర్చి యాకోబు హెచ్చరించాడు (యాకోబు 3:9-10). ఇక్కడ స్తోత్రమే శాపమైంది. దీని వలన మరొక నష్టము కూడా ఉన్నది. నిజముగా ప్రార్థిస్తానని రాసినవాని మాటను కూడా ఎవరూ నమ్మరు. దొంగ నోటు వలన మంచి నోటు విలువ తగ్గినట్లు, పరిశుద్ధమైన మాటల విలువ సంఘములో తగ్గిపోతుంది.

7. చట్టము, సంఘము

కొందరు పెద్దలు ఇటువంటి సందర్భములలో పోలీసు కేసు పెడతామని బెదిరిస్తారు. ఇతరులకు చికాకు కలిగించే సందేశములను నేరముగా చూసిన సమాచార సాంకేతిక చట్టములోని 66ఎ సెక్షనును సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టివేసింది. సభ్యుడు పెట్టిన సందేశమునకు గ్రూపు అడ్మిన్‌ను బాధ్యుని చేయలేమని కేరళ హైకోర్టు 2022లో తీర్పు చెప్పింది. బెదిరింపులకు, కులదూషణకు వేరే చట్టములు ఉన్నవి. ఎత్తిపొడుపు మాత్రము చాలావరకు కోర్టు గడప దాకా వెళ్ళేది కాదు. అడ్మిన్‌గా కాపరికి చట్టము బాధ్యత పెట్టకపోవచ్చును, గొఱ్ఱెల కాపరిగా ప్రధాన కాపరి యెదుట లెక్క ఉన్నది (హెబ్రీ. 13:17).

8. కాపరులకు కొన్ని సూచనలు

మెచ్చుకోలు రాతలో, దిద్దుబాటు స్వరములో ఉండాలి. మెచ్చుకోవలసినది గ్రూపులో రాయండి. దిద్దవలసినది ఫోను చేసి, వీలైతే ఇంటికి వెళ్ళి ఒంటరిగా చెప్పండి (మత్తయి 18:15). ఈ క్రమమును తలక్రిందులు చేసినందుననే నేను తప్పిపోయాను.

మొదటి అర్థము మంచిదై ఉండాలి. అనుమానముగా ఉన్న మాటను నిజమైన మాటగానే మొదట చదవాలి. ప్రేమ అన్నిటిని నమ్మును, నిరీక్షించును (1 కొరింథీ. 13:7). ఇంకా సందేహము ఉంటే “అన్నా, ఇది ఏ ఉద్దేశముతో రాసినవు?” అని విడిగా అడగాలి.

నవ్వవలసివస్తే కాపరి తన మీద తాను నవ్వుకోవాలి. అధికారములో ఉన్నవాడు క్రిందివాని మీద వేసే పరాచికము పరాచికముగా మిగలదు. కులము, యాస, చదువు, పేదరికము, సంతానము లేకపోవుట, ఆలస్యము – వీటి మీద ఏ పరాచికమూ వద్దు. ఆలస్యమును ఈ పట్టికలో నేను నా అనుభవముతో చేర్చాను.

గాయపడినవాని ఎత్తిపొడుపును తుడిచివేయకుండా వినాలి. “మన సంఘములో పేదోళ్ల పెండ్లికి కూడా పెద్దలంతా వస్తరు గదా” అని ఒక యవ్వనస్థుడు రాస్తే, అడ్మిన్ ఆ మాటను తొలగించుట సులభము. అయితే అది యోబు మాటయా, అపహాసకుని మాటయా అని మొదట విచారించాలి. పుట్టు గ్రుడ్డివాడు పరిసయ్యులను, మీరును ఆయన శిష్యులగుటకు కోరుచున్నారా అని అడిగినప్పుడు (యోహాను 9:27) వారు అతనిని వెలివేశారు. ప్రభువు అతనిని వెదకి కనుగొన్నాడు. మనము ఎవరి వలె చేస్తున్నాము?

నిష్కపటమునకు కూడా సమయమున్నది. వేకువనే లేచి గొప్ప శబ్దముతో స్నేహితుని దీవిస్తే అది శాపముగా ఎంచబడుతుందని సామెతలు 27:14 చెబుతుంది. ఉదయము నాలుగు గంటలకే పువ్వుల బొమ్మలతో శుభోదయములు పంపే మనమందరము ఆ వాక్యమును ధ్యానించవచ్చును! రాత్రి షిఫ్టు చేసినవాడు అప్పుడే పడుకుంటాడు.

క్షమాపణ తప్పు జరిగిన చోటనే చెప్పాలి. 2017 నుండి వాట్సాప్‌లో పంపిన మాటను అందరి వద్ద తొలగించే వీలు కలిగింది. తొలగించుట పశ్చాత్తాపము కాదు. అందరి ముందు నవ్వులపాలు చేసి చాటుగా క్షమాపణ అడిగితే సరిపోదు.

ముగింపు

ఆ సహోదరుని ఇంటికి నేను సోమవారము సాయంత్రము వెళ్ళాను. ఆయన టీ తెప్పించాడు. నేను రాసినది ఆయనను గూర్చి కాదని, అయినను రాయకూడనిది రాశానని ఒప్పుకున్నాను. కొంతసేపు మాట్లాడక ఊరుకొని ఆయన ఇలా అన్నాడు: “నువ్వు నన్ను అనలేదని ఇప్పుడు సమజైంది అయ్యగారూ. గని ఈ మూడు వారాలు నవ్వినోళ్ల పేర్లే కండ్ల ముందట తిరిగినయి.” ఆ ‘నువ్వు’లో నాకు క్షమాపణ దొరికింది. ఆ మాటనే తెర మీద చదివి ఉంటే నాకు ఏమని తోచేదో చెప్పలేను.

ఆ రాత్రి గ్రూపులో ఆయన పేరు చెప్పకుండా నా స్వరముతోనే క్షమాపణ పంపాను. తరువాత ఆదివారము నుండి షిఫ్టు పనివారి కొరకు సాయంత్రము ఆరాధన కూడా పెట్టాము. అసలు ఆలస్యమునకు కారణము అడగకుండా దాని మీద నవ్వుట నా మొదటి తప్పు అని అప్పుడు గ్రహించాను. ఆ సహోదరుడు తిరిగి మందిరానికి వస్తున్నాడు. గ్రూపులో మాత్రము తిరిగి చేరలేదు, నేను బలవంతము చేయలేదు.

చదువుచున్న సహోదర కాపరులారా, వేదాంత విద్యార్థులారా, ప్రసంగపీఠము ఎక్కే ముందు మనము మోకరిస్తాము. సంఘములో ఎక్కువమంది మన మాటను వినేది ఇప్పుడు ఆ పీఠము నుండి కాదు, మన బొటనవ్రేలి నుండి. పంపే ముందు ఆ మాటను ఒకసారి పైకి చదివి చూద్దాము. మన గ్రూపులో అందరికంటె అలసిపోయినవాడు దానిని ఏ స్వరముతో వింటాడో ఆ స్వరముతో చదువుదాము.